గొట్టానికి పట్టిన పాచి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగి సిటీలోకి వచ్చే జనానికి పి.వి. ఎక్స్‌ప్రెస్ వే గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2009లో మొదలైంది. ఆరాంఘర్ దగ్గర ఎక్కితే 11.6 కిలోమీటర్లు సిగ్నల్ అనేది లేకుండా తీసుకొచ్చి మెహిదీపట్నంలో దించుతుంది. దిగాక అటూ ఇటూ చూసే ఓపిక మనకి ఉండదు. చూస్తే అక్కడే సరోజినీ దేవి కంటి ఆసుపత్రి కనిపిస్తుంది.

ఈ దారికి ఒక చివర ఎయిర్‌పోర్టు కార్గో టెర్మినల్ ఉంది. అందులో మందుల కోసమే ప్రత్యేకంగా ఒక ఫార్మా జోన్, చలి గదులు గట్రా ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల తయారైన మాత్రలు, ఇంజెక్షన్లు, టీకాలు అక్కణ్ణుంచి దేశాలు దాటి వెళ్తాయి. ఇంకో చివర, ఆ కంటి ఆసుపత్రిలో, 2016 జూన్ ఆఖర్లో 13 మంది శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు. వాళ్ళ కళ్ళకి ఇన్ఫెక్షన్ వచ్చింది, కొందరికి ఆ కంటి చూపు పోయింది. ఆపరేషన్ జరిగేటప్పుడు కన్ను కడగడానికి సెలైన్ లాంటి ఒక ద్రవం వాడతారు. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఆ సీసాల్లోనే ఉందని పరీక్షల్లో తేలింది.

ప్రపంచానికి యాంటీబయాటిక్స్ అమ్మే ఊరు మనది. అలాంటి ఊళ్ళో ఆసుపత్రి సీసాల్లోంచి, గొట్టాల్లోంచి, పరికరాల్లోంచి వచ్చే ఇన్ఫెక్షన్లు ఇంత మొండిగా ఎలా తయారయ్యాయి? ఈ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్ళు చదివాను. నేను డాక్టర్ని కాదు, కోడ్ రాసుకు బతికేవాణ్ణి. కాకపోతే ఏదైనా కూలిపోయినప్పుడు పాత లాగ్స్ తవ్వుకుంటూ వెనక్కి వెళ్ళే రోగం ఒకటుంది కదా మనకి, ఇదీ అలాంటిదే.

తవ్వితే మొదట తగిలింది భీమవరం. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తెలుగులో చాలామంది చాలాసార్లు రాశారు. ఆయనకి నోబెల్ రాలేదనే బాధ మనకి ఎప్పుడూ ఉండేదే. నాకు కావలసింది ఆ కథలో ఒక ముక్క మాత్రమే. న్యూయార్క్ రాష్ట్రంలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌కి అక్కడ పని దొరికింది. ఆ పెద్దాయన ఊరూరి మట్టి తెప్పించి పరీక్ష చేస్తూ, 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఇదే. 1948లో లోకానికి ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

ఈ కథకి ఒక తోక ఉంది, దాని గురించి మనవాళ్ళు అంతగా రాయరు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని అదే కంపెనీ వాళ్ళు కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. పిల్లలు తొందరగా బరువెక్కాయి! 1950 నాటికి ఇది పెద్ద వార్త, ఆ తర్వాత పెద్ద వ్యాపారం. జబ్బు లేని కోడికి రోజూ కొంచెం కొంచెం యాంటీబయాటిక్ పెట్టడమనే అలవాటు అలా మొదలైంది. ఎయిర్‌పోర్టు దాటి షాద్‌నగర్ వైపు వెళ్తే కనపడే కోళ్ళ ఫారాలకీ, పిప్పి కలిపిన ఆ ప్రయోగానికీ చుట్టరికం ఉంది. ఐసీయూలో ఆఖరి మందుగా వాడే కొలిస్టిన్‌ని పశువుల, కోళ్ళ పెంపకంలో వాడకూడదని మన కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2019లో. అంటే అప్పటిదాకా వాడుతున్నట్టే కదా.

సరే, హైదరాబాద్‌కి వద్దాం. 1961లో కేంద్ర ప్రభుత్వం సోవియట్ సాయంతో ఐడీపీఎల్ పెట్టింది. యాంటీబయాటిక్స్ కర్మాగారం రిషీకేశ్‌లో, రసాయనిక మందులది హైదరాబాద్ బాలానగర్లో, సర్జరీ పరికరాలది మద్రాసులో. నాకు ఈ పంపకం మొదటిసారి చదివినప్పుడు భలే అనిపించింది. మందూ, పరికరమూ ఒకే సంస్థ తయారుచెయ్యాలని అనుకున్నారన్నమాట. ఆ ఆలోచన ఎక్కువకాలం సాగలేదు. హైదరాబాద్‌కి మిగిలింది మందులు తెలిసిన మనుషులు. ఐడీపీఎల్లో పనిచేసి బయటికొచ్చిన వాళ్ళలో కల్లం అంజిరెడ్డి గారు ఒకరు, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1972 నుంచి అమల్లోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చేది. మన కెమిస్టులకి అది చాలు. ఇంకో దారిలో అదే మందు చేసేసేవాళ్ళు. మన రివర్స్ ఇంజనీరింగ్ వాళ్ళకి ఇది అర్థమవుతుంది.

అలా 1980ల చివర్లో, 90లలో నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి చవగ్గా ఊరూరా దొరికాయి. దీన్ని తేలిగ్గా తీసెయ్యడం నాకిష్టం లేదు. టైఫాయిడ్ వస్తే పొలం అమ్ముకోనక్కర్లేకుండా చేసిన మందులవి. కానీ జలుబుకీ అవే, జ్వరానికీ అవే, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన నాలుగు మాత్రలూ అవే!

ఇప్పుడు గొట్టాల సంగతి. నాకు అసలు ఆశ్చర్యం కలిగించిన చరిత్ర ఇది.

మూత్రం రాని రోగికి లోపలికి గొట్టం వెయ్యడం ప్రాచీన కాలం నుంచీ ఉంది. అది జారిపోకుండా చివర చిన్న బెలూన్ పెట్టి, లోపలికెళ్ళాక నీళ్ళతో నింపి నిలబెట్టే పద్ధతి మాత్రం 1930లలో ఫ్రెడరిక్ ఫోలీ అనే అమెరికన్ డాక్టర్ తెచ్చాడు. ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో దాన్ని ఫోలీస్ అనే అంటారు. అయితే అప్పట్లో గొట్టం రెండో చివర మంచం కింద పెట్టిన ఒక సీసాలో వేలాడేది. ఆ సీసాకి మూత ఉండేది కాదు. మూడు నాలుగు రోజుల్లో దాదాపు అందరికీ మూత్రంలో బ్యాక్టీరియా చేరేది. అది మామూలే అనుకునేవాళ్ళు. 1966లో క్యాల్విన్ క్యూనిన్, మెక్‌కార్మాక్ అని ఇద్దరు డాక్టర్లు గొట్టాన్నీ సంచినీ కలిపి, ఎక్కడా గాలి తగలకుండా మూసిన వ్యవస్థతో ఇన్ఫెక్షన్లు ఎంత తగ్గుతాయో చూపించారు. మనం చూసే యూరిన్ బ్యాగ్ అదే. కొత్త మందేమీ కనిపెట్టలేదు, మూత పెట్టారు అంతే.

మూసిన వ్యవస్థతో పని ఆలస్యమైంది గానీ ఆగలేదు. గొట్టం ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతుంది. నెల రోజులుంటే దాదాపు ఖాయం. ఎందుకలా? ఒంట్లో ఉన్న కణానికి రక్షణ ఉంది, రక్తం అందుతుంది, తెల్లకణాలు గస్తీ తిరుగుతాయి. ప్లాస్టిక్‌కీ, సిలికాన్‌కీ, ఉక్కుకీ అదేం లేదు. ఒంట్లోనే ఉంటుంది గానీ ఒంటిది కాదు. బ్యాక్టీరియాకి ఊరి మధ్యలో పోలీసులు రాని ఖాళీ స్థలం దొరికినట్టు.

అక్కడ అవి ముందు అంటుకుంటాయి, తర్వాత జిగురు లాంటి చక్కెర పదార్థం స్రవించి దాని కిందకి చేరతాయి. నీళ్ళ తొట్టి గోడకి పట్టే పాచి చూశారు కదా, వేలితో రాస్తే జారుతుంది. సరిగ్గా అదే. దీనికి బయోఫిల్మ్ అని పేరు. మన పళ్ళ మీది గార కూడా ఇదే జాతి. బిల్ కాస్టర్టన్ అనే కెనడా శాస్త్రవేత్త 1978లో దీన్ని గురించి అందరికీ అర్థమయ్యేలా రాసేదాకా, బ్యాక్టీరియా అంటే నీళ్ళలో ఒంటరిగా ఈదే జీవి అనే అందరి ఊహ. 1982లో ఆయన బృందం మందులకి లొంగని ఇన్ఫెక్షన్ ఉన్న ఒక రోగి పేస్‌మేకర్ వైరుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది. వైరు నిండా స్టాఫ్ బ్యాక్టీరియా, పొరలు పొరలుగా.

పాచిలో ఉన్న బ్యాక్టీరియాకి మందు ఎక్కదు. విడిగా ఈదే వాటిని చంపే మోతాదుకి వెయ్యి రెట్లు వేసినా కొన్ని మిగులుతాయి. ఇక్కడ ఒక తేడా ఉంది, నేనూ మొదట్లో కలిపేసుకున్నదే. మందుకి లొంగని జన్యువు ఉండడం వేరు, పాచిలో దాక్కుని బతకడం వేరు. పాచి అడుగున ఉన్నవి పెరగడం దాదాపు మానేసి నిద్రపోతాయి. పెరిగే కణాన్ని దెబ్బతీసే మందు నిద్రపోయేదాన్ని ఏం చెయ్యగలదు? కోర్సు అయిపోయాక అవి లేస్తాయి, జ్వరం తిరగబెడుతుంది. ఈ రెండూ కలిసిన చోటే ప్రమాదం. సగం మోతాదు మందు తగులుతూ, పక్క పక్కనే ఒత్తుకుని ఉండే పాచిలో బ్యాక్టీరియాలు జన్యువుల ముక్కల్ని ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి. ఒక జాతి ఇంకో జాతికి కూడా! మనం కాపీ పేస్ట్ చేసినంత తేలిగ్గా.

అందుకే ఇలాంటి ఇన్ఫెక్షన్‌కి మొదటి వైద్యం మందు కాదు, వీలైతే ఆ గొట్టం తీసెయ్యడమే. సర్వీస్ రీస్టార్ట్ చేస్తే పోయే బగ్ కాదిది, బాక్స్ మార్చాలి. రెండు వారాలు దాటిన గొట్టం అయితే పాతది మార్చి, కొత్తదాన్నుంచి మూత్రం తీసి కల్చర్‌కి పంపమంటారు. పాత గొట్టం నుంచి తీస్తే రిపోర్టులో కనపడేది గొట్టం పాచే, రోగి జబ్బు కాకపోవచ్చు. ఇంకోటి, జ్వరం గానీ ఇతర లక్షణాలు గానీ లేకుండా రిపోర్టులో బ్యాక్టీరియా కనపడినంత మాత్రాన మామూలుగా యాంటీబయాటిక్ వెయ్యకూడదు. గర్భిణులు, మూత్రనాళం ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు మినహాయింపు. ఈ ఒక్క నియమం పాటించకపోవడం వల్ల ఎంత మందు వృథా పోతుందో!

మన దేశంలో ఈ లెక్కలు ఎప్పుడు మొదలయ్యాయని వెతికాను. 2007లో ఏడు నగరాల్లోని 12 ఐసీయూలు, పదివేల పైచిలుకు రోగుల లెక్క ఒకటి అచ్చయింది. రక్తనాళంలో వేసే సెంట్రల్ లైన్ వల్ల ప్రతి వెయ్యి లైన్ రోజులకి 7.92 ఇన్ఫెక్షన్లు, వెంటిలేటర్ వల్ల వెయ్యి రోజులకి 10.46 న్యుమోనియాలు. స్టాఫ్ ఇన్ఫెక్షన్లలో 87.5 శాతం మెథిసిలిన్‌కి లొంగనివి. మెథిసిలిన్ వచ్చిందే 1959 ప్రాంతంలో, పెన్సిలిన్‌కి లొంగని స్టాఫ్ కోసం. 1961కల్లా ఇంగ్లండ్‌లో దానికీ లొంగనిది కనపడింది. రెండేళ్ళు!

అదే 2007లో హైదరాబాద్ పేరు ఇంకో రకంగా ప్రపంచానికి తెలిసింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో, దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగునీరు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళు పరీక్ష చేసింది. గమనించండి, శుద్ధి చేశాక వచ్చిన నీళ్ళు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. సిప్రో మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. రోజుకి ఇంచుమించు 1500 ఘనపు మీటర్ల నీళ్ళు, గుణించండి. దాదాపు 45 కిలోలు వస్తుంది. స్వీడన్ దేశం మొత్తం అయిదు రోజుల్లో వాడే సిప్రో అంత, ఒక్క ప్లాంటు నుంచి ఒక్క రోజులో వాగులో కలుస్తోంది.

ఇస్కవాగు, నక్కవాగు చుట్టుపక్కల రైతులు, కార్యకర్తలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే మా నీళ్ళు పాడయ్యాయని కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. చేపలు చచ్చాయి, పంటలు పోయాయి అంటే ఎవరికీ పట్టలేదు. స్వీడన్ ల్యాబ్ నుంచి అంకె వచ్చాక పట్టింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

అన్నట్టు శంషాబాద్ వైపు ఇలాంటి ఫ్యాక్టరీలు గుట్టలుగా రాకపోవడానికి ఒక కారణం 111 జీవో. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో ఇచ్చారు. శంషాబాద్ మండలం ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చింది. రియల్ ఎస్టేట్ కోణంలో దీని గురించి మన ఆఫీసుల్లో కావలసినంత చర్చ జరిగింది, నీళ్ళ కోణంలో అంతగా విన్నట్టు గుర్తులేదు.

2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచారు. దానికి రెండు నెలల ముందు, 2008 జనవరిలో, స్వీడన్‌లో ఉంటున్న భారతీయ మూలాలున్న ఒక రోగి మూత్రంలోంచి ఒక క్లెబ్సియెల్లాని వేరుచేశారు. అంతకు ముందు ఆయన ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్ళాడు. ఆ బ్యాక్టీరియాలో ఉన్న కొత్త ఎంజైము, కార్బపెనెమ్ అనే బలమైన మందుల్ని కూడా కోసి పారేస్తుంది. 2009లో దానికి న్యూఢిల్లీ పేరు పెట్టి ఎన్‌డీఎమ్-1 అన్నారు. 2010లో చెన్నై, హర్యానా, ఇంగ్లండ్ రోగుల్లో ఇదే జన్యువు దొరికిందని లాన్సెట్ వాళ్ళ పత్రికలో వచ్చింది. మద్రాస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న కుమారసామి దాని మొదటి రచయిత.

మన ప్రభుత్వానికి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మెడికల్ టూరిజం మీద కుట్ర అన్నారు, ఊరి పేరు ఎలా పెడతారన్నారు. పేరు విషయంలో కొంత న్యాయం ఉందనే అనుకుంటాను. కానీ 2011లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51, కుళాయి నీళ్ళు 50లో 2 ఎన్‌డీఎమ్-1 జన్యువుతో దొరికాయని తేలినప్పుడు కూడా పేరు గురించే మాట్లాడితే ఏం చెప్పగలం? బేగంపేట పాత ఎయిర్‌పోర్టు పక్కన ఉన్న భవనంలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. దాన్ని మాత్రం మనం హైదరాబాద్ ఘనత కింద రాసుకుంటాం. జబ్బు మనదైనా కీర్తి కూడా మనదే అయితే అభ్యంతరం ఉండదనుకుంటా.

ఇక శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే జరిగిన సంగతికి వస్తాను. ఎయిర్‌పోర్టుకి తూర్పున ఇబ్రహీంపట్నం ఉంది. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్ళకి ల్యాప్రోస్కోప్‌తో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్ళని నిమ్స్‌కీ, ఒక ప్రైవేటు ఆసుపత్రికీ తరలించాల్సి వచ్చింది. పరికరాల్ని సరిగ్గా శుద్ధి చెయ్యకపోవడం వల్ల ఇన్ఫెక్షన్ సోకిందని విచారణలో తేలింది. అందరూ పిల్లల తల్లులు. జబ్బుతో వచ్చినవాళ్ళు కారు, ఆరోగ్యంగా నడిచొచ్చినవాళ్ళు.

ల్యాప్రోస్కోప్ సున్నితమైన పరికరం, చాలావాటిని ప్రతిసారీ మరిగించలేరు. ఒకరికి వాడాక విడదీసి, కడిగి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టి, స్టెరైల్ నీళ్ళతో కడిగి, అప్పుడు ఇంకొకరికి వాడాలి. ఒక్కటే స్కోప్ ఉంటే 34 మందికి నానబెట్టే సమయమే 680 నిమిషాలు, అంటే 11 గంటల 20 నిమిషాలు. ఆపరేషన్ల సమయం దీనికి అదనం. ఒక బృందం రోజుకి 30కి మించి చెయ్యకూడదు, దానికి కూడా మూడు ల్యాప్రోస్కోప్‌లు ఉండాలి అని కేంద్రం నిబంధన పెట్టింది ఈ లెక్క కోసమే. టార్గెట్ ఒత్తిడి ఉన్నచోట ముందుగా కోసేసేది ఈ 20 నిమిషాలనే. స్ప్రింట్ చివర్లో టెస్టింగ్‌ని కోసేసినట్టు. మన దగ్గర అయితే పేజర్ మోగుతుంది, అంతే.

దీనికి ముందు జరిగినవి కూడా ఉన్నాయి. 2014 నవంబర్లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్లో ఒకే క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేసిన ఉదంతం దేశమంతా కుదిపింది. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబర్లో సుప్రీం కోర్టు, ఇలాంటి క్యాంపుల్ని మూడేళ్ళలో ఆపెయ్యాలని ప్రభుత్వాలకి చెప్పింది. మూడేళ్ళంటే 2019. ఇబ్రహీంపట్నం 2022.

ఇబ్రహీంపట్నంలో మొండి బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది నా వాదనకి అవసరం లేదు. పరికరం శుభ్రంగా లేనిచోట లొంగే బ్యాక్టీరియా కూడా చంపుతుంది. శుభ్రం చెయ్యలేని లోటుని మందుతో పూడ్చుకుందామనుకుంటే అది లొంగనిదిగా మారుతుంది. ఆపరేషన్ అయ్యాక అయిదు రోజులు యాంటీబయాటిక్ రాసెయ్యడం మన దగ్గర ఎంత మామూలో అందరికీ తెలుసు. మందు మనకి చవక, నర్సు ఖరీదు. ఒక నర్సు ఎన్ని మంచాలు చూడాల్సి వస్తోందో లెక్కపెడితే, చేతులు కడుక్కునే తీరిక ఎక్కడిదో అర్థమవుతుంది.

మా టీమ్‌లో ఒకాయన వాళ్ళ నాన్నగారికి తుంటి ఎముక ఆపరేషన్ జరిగింది, ఆసుపత్రి పేరు వద్దులెండి. ఆపరేషన్ రోజు వేసిన యూరిన్ పైపు పదకొండో రోజు వరకూ ఉంది. ఎందుకుందని ఎవరూ అడగలేదు, తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. పన్నెండో రోజు చలిజ్వరం. కల్చర్ రిపోర్టు వాట్సాప్‌లో పంపాడు, పదిహేను మందుల పేర్లు, పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్. లొంగదు అని అర్థం. ఒక్క కొలిస్టిన్ మాత్రం మిగిలింది. అది కిడ్నీలని దెబ్బతీస్తోందని 1970లలో డాక్టర్లు దాదాపు పక్కన పెట్టేసిన మందు. వేరే దారి లేక తిరిగొచ్చింది. పెద్దాయన బతికారు, కిడ్నీలు మాత్రం మునుపటిలా లేవు. కారణం ఆ పైపేనని నేను రుజువు చెయ్యలేను. కానీ పదకొండు రోజుల లాగ్‌లో "ఇది ఇంకా అవసరమా" అన్న ఒక్క లైను కూడా లేదు.

ఆ ఒక్క లైను విలువ ఎంతో 2006లో పీటర్ ప్రొనొవోస్ట్ చూపించాడు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూల్లో సెంట్రల్ లైన్ వేసేటప్పుడు అయిదు పనులు తప్పనిసరి చేశారు. చేతులు కడగడం, రోగిని పూర్తిగా స్టెరైల్ గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంత వరకూ తొడ దగ్గర లైన్ వెయ్యకపోవడం, అవసరం తీరిన లైన్ తీసెయ్యడం. ఒక మెట్టు తప్పితే డాక్టర్ని ఆపే అధికారం నర్సుకి ఇచ్చారు. వెయ్యి లైన్ రోజులకి 2.7గా ఉన్న మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకి పడిపోయింది. ఏడాదిన్నర తర్వాత కూడా అక్కడే ఉంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది నర్సు సంగతి. జూనియర్‌కి బిల్డ్ ఆపే హక్కు ఇవ్వడమన్నమాట. మన ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ గారిని "సార్, చేతులు కడుక్కోలేదు" అని సిస్టర్ అనగలదా? ఊహించుకోండి.

కొత్త మందులు లేకపోలేదు. ఎన్‌డీఎమ్ ఎంజైము అజ్‌ట్రియోనామ్ అనే ఒక మందుని మాత్రం కొయ్యలేదు. కాకపోతే ఆ బ్యాక్టీరియా దగ్గర దాన్ని కోసే వేరే ఎంజైములు కూడా ఉంటాయి. అందుకని వాటిని అడ్డుకునే అవిబాక్టమ్ ఉన్న ఇంజెక్షన్‌ని అజ్‌ట్రియోనామ్‌తో కలిపి ఇస్తున్నారు. తెలివైన అతుకు. ధర మాత్రం రోజుకి వేలల్లో ఉంటుంది. మన తార్నాక సీసీఎంబీలో మంజులా రెడ్డి గారు, బ్యాక్టీరియా పెరిగేటప్పుడు తన గోడని తనే కత్తిరించుకోడానికి వాడే ఎంజైముల్ని కనిపెట్టారు. అవి ఆగితే కణం పెరగలేదు. కొత్త మందుకి అది కొత్త లక్ష్యం అవ్వచ్చు. 2019లో ఆమెకి ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. ఆ వారం మన వాళ్ళు ఎంతమంది ఆ వార్త చదివారో గానీ, ఇన్ఫోసిస్ హైకుల వార్త మాత్రం అందరూ చదివుంటారు.

ప్రభుత్వం వైపు చూస్తే, 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు అమల్లో ఉంది. 46 మందులకి చీటీ చూసి, రిజిస్టర్లో రాసి మాత్రమే అమ్మాలి. మీ వీధి చివరి షాపులో ఆ రిజిస్టర్ ఎప్పుడైనా చూశారా? 2020 జనవరిలో ఫ్యాక్టరీ వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్స్‌కి పరిమితులు పెడుతూ పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. పటాన్‌చెరు అంకె వచ్చిన పదమూడేళ్ళకి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. 2024 సెప్టెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల మురుగునీటి మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. అది సలహా మాత్రమే, చట్టం కాదు.

ఐడీపీఎల్ కాలంలో విడివిడిగా మిగిలిపోయిన మందూ, పరికరమూ మళ్ళీ ఒక చోటికి చేరుతున్నాయి. 2017లో సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కుకి శంకుస్థాపన చేశారు. స్టెంట్లు, సిరంజిలు, ఇలాంటివన్నీ అక్కడ తయారవ్వాలని. సుల్తాన్‌పూర్ పటాన్‌చెరు పక్కనే. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రెండిటికీ శంషాబాద్ కార్గో దగ్గరే. అక్కడ తయారయ్యే గొట్టం బాగుంటుందా లేదా చూడడానికి 2018 నుంచి మెడికల్ డివైజెస్ రూల్స్ ఉన్నాయి. ఆ గొట్టం రోగి ఒంట్లో ఎన్ని రోజులుందో చూడడానికి అలాంటి రూలేదీ లేదు.

లెక్కలు అసలు లేవని కాదు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు యూరిన్ పైపు, సెంట్రల్ లైన్, వెంటిలేటర్ ఇన్ఫెక్షన్ల రేటు నెలనెలా లెక్కపెట్టుకోవాలి. ఆ అంకెలు ఉంటాయి, గోడ మీద ఉండవు. ఆఫీసు ఇన్సూరెన్స్ వాళ్ళు నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితా పంపినప్పుడు ఈ మూడు అంకెలు కూడా అడగండని మా హెచ్.ఆర్. వాళ్ళకి ఒక మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.